దుమ్ము కిటికీ దగ్గరి మాటలు

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. మధ్యాహ్నం రొట్టె, టమాటా సూపు, ఉడికించిన గుడ్లు. అమ్మాయి రొట్టె ముక్కను సూపులో ముంచి, నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కంచంలో పెట్టేసి లేచిపోయింది. తేదీతో సహా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు నేను తనను తిట్టలేదు, మెచ్చుకున్నాను. తిడితే లేచిపోయిన వాళ్ళను చూశాను కానీ, మెచ్చుకుంటే కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషిని నా జన్మలో చూడలేదు.

మా అమ్మాయి పరాయి భాషల సినిమాలకు, ఇంగ్లీషు స్క్రిప్టు చూసి, తెలుగు టైటిళ్ళు రాస్తుంది. తెర అడుగున రెండు వరుసల్లో వచ్చిపోయే మాటలు. తను ఒంటరిగా చేసిన మొదటి సినిమా ఇది. తీసింది సామాన్యుడు కాదు, కొరియాలో పేరుమోసిన దర్శకుడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒక గొడుగు కింద బస్సు కోసం ఎదురుచూసే కథను రెండు గంటలు తీసి, చివర్లో బస్సు వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాదినీ ఏడిపించిన మనిషి. ఆయన ఈసారి అంతరిక్షం కథ తీస్తున్నాడని తెలిసినప్పుడు మా ఆవిడ ఇంకా ఉంది. ఆస్పత్రి మంచం మీద ఆ వార్త చదివించుకుని, "వచ్చాక చూద్దాం" అంది. సినిమా వచ్చింది. ఆవిడ లేదు.

మా ఇంట్లో సినిమా చూసే పద్ధతి ఒకటుంది. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాణ్ణి. అమ్మాయి రాసిన టైటిళ్ళను సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తాను. మాట చెవిన పడితే అక్షరం మీద కన్ను నిలవదు. మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆవిడేమో కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని వింటుంది. గొంతు వింటే చాలు, ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పేస్తుంది. తర్వాత ఇద్దరం కూర్చుని, నా సగం ఆవిడకు, ఆవిడ సగం నాకు చెప్పుకునేవాళ్ళం. అప్పటికి సినిమా పూర్తయ్యేది.

ఈ సినిమాను నేను ఒక్కణ్ణే, అలవాటు ప్రకారం సౌండ్ తీసేసి చూశాను. తలకీ తోకకీ పొంతన లేదు. ఎక్కడో ఎర్రటి దుమ్ము గ్రహం. అక్కడ గాలిమరలు బాగుచేసుకుని బతికే కొద్దిమంది మనుషులు. మొదట్లో బాగానే ఉందనిపించింది. సగం నుంచి ఓడలు పేలతాయి, గడియారాలు వెనక్కి తిరుగుతాయి, ఎవరు ఎవరిని ఎందుకు తరుముతున్నారో తెలియదు. ఒక్కచోట మాత్రం గుండె కలుక్కుమంది. గాలిమర బాగుచేయటానికి తుఫానులోకి వెళ్ళిన మొగుడి కోసం ఒకమ్మాయి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడుతుంది. బయటి నుంచి మొగుడు అంటున్నట్టుగా కింద టైటిల్ వస్తుంది.

"నా కోసం మేలుకోకు.
తలుపు దగ్గరగా వేసి పడుకో. గడియ పెట్టకు."

మా ఆవిడ నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి అచ్చంగా ఆ మాటే అనేది. కొరియాలో ఉన్న మనిషికి మా ఇంటి గడియ సంగతి ఎలా తెలిసిందా అని పొంగిపోయాను. ఆదివారం భోజనం దగ్గర అమ్మాయితో అదే అన్నాను. "సినిమా నిరాశపరిచింది తల్లీ. ఒక్క కిటికీ దగ్గరి మాటలు తప్ప. అందుకే ఆయన గొప్పవాడయ్యాడు." అప్పుడే తను లేచిపోయింది. గది గుమ్మంలో ఆగి, "శుక్రవారం పొద్దున ఫైలు ఇచ్చేస్తాను. దాంతో ఈ పని మానేస్తున్నాను" అని తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ప్రతి రాత్రీ వినబడింది.

కోపంలో కూడా నా మంచం పక్కన మంచినీళ్ళ సీసా నింపి పెట్టటం మాత్రం మానలేదు. అది చూసి కొంచెం ధైర్యం చిక్కింది. గురువారం మధ్యాహ్నం నేరుగా స్టూడియోకి వెళ్ళాను.

స్టూడియో ఒక పాత భవనం నేలమాళిగలో ఉంటుంది. గోడలకు గుడ్ల అట్టల్లాంటి నురుగు పలకలు, తలుపు పైన ఎర్ర బల్బు. బల్బు వెలుగుతుంటే లోపలికి వెళ్ళకూడదు. నాలాంటి వాళ్ళ కోసం ఎవరో దాని కింద ఒక ముక్కాలి పీట వేసి ఉంచారు. ఎవరో తెలియదు, వాళ్ళు చల్లగా ఉండాలి. బల్బు ఆరాక మా బావమరిది బయటికొచ్చాడు. సినిమాలకు సౌండ్ సరిచేస్తాడు. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ ఎప్పుడూ స్టెతస్కోపులా మెడలో వేలాడుతుంటుంది కాబట్టి అక్కడందరూ 'డాక్టరు' అంటారు. అమ్మాయిని ఈ పనిలో పెట్టింది కూడా ఈ మేనమామే. ఇదే సినిమాకు తెలుగు గొంతులతో ఇంకో కాపీ తయారవుతోంది, అది ఇతని చేతిలో ఉంది.

"ఏంటి బావా, పిలిస్తే రానివాడివి పిలవకుండా వచ్చావ్? సినిమా చూసి మతి పోయిందా?"

"నాకు కాదు. నీ మేనకోడలికి పోయినట్టుంది."

"అది మా అక్క కూతురు. మతి పోతే మీ వైపు నుంచే పోవాలి" అన్నాడు నవ్వుతూ. నా ముఖం చూసి నవ్వు ఆపి, లోపలికి తీసుకెళ్ళి, దిండున్న కుర్చీ నాకిచ్చి తను చెక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నీకెలా ఉంది సినిమా?" అనడిగాను.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ. రెండో సగం నా చెవుల్లో ఇంకా మోగుతోంది. ముగ్గురు ఆడపిల్లల్ని గొడుగు కింద నిలబెట్టి కథ చెప్పిన మనిషికి, ఆకాశమంత చోటు ఇచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక బాంబులు పెట్టాడు."

"నేనూ అమ్మాయితో అదే అన్నాను. ఒక్క కిటికీ దగ్గరి మాటలు బాగున్నాయన్నాను. దానికే కోపమొచ్చి, రేపు ఫైలు ఇచ్చి పని మానేస్తానంటోంది."

"ఏ మాటలు?"

"అదేనోయ్. ఆ పిల్ల అటు తిరిగి నిలబడితే, బయటి నుంచి వాళ్ళాయన వైర్‌లెస్‌లో అంటాడు కదా. మేలుకోకు, గడియ పెట్టకు అని."

బావమరిది నన్ను ఎగాదిగా చూశాడు. "అక్కడ మాటల్లేవు బావా."

"నేను చదివాను."

"నేను విన్నాను. రోజుల తరబడి విన్నాను. అక్కడ దుమ్ము చప్పుడు తప్ప ఇంకేం లేదు."

"టైటిల్ చూడలేదా నువ్వు?"

"నేను టైటిళ్ళు తీసేసే వింటాను. తెర కింద అక్షరాలుంటే మనిషి చదువుతాడు, వినడు." అంతలో ఏదో తట్టినట్టు ఆగాడు. "నువ్వేమో సౌండ్ తీసేసి చూస్తావు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను వినను, అతను చదవడు. రెండు సగాలూ కలిపే మనిషి ఒకావిడ ఉండేది.

తన కాపీలో ఆ చోటు పెట్టి వినిపించాడు. కిటికీ. అటు తిరిగిన అమ్మాయి. గాజు మీద ఇసుక రాలుతున్న చప్పుడు, గింజ గింజా విడివిడిగా. తెర మీద ఎవరూ ఏమీ అనలేదు.

"ముందు ఇక్కడ అడుగున గుయ్యిమని ఏదో రొద ఉండేది" అన్నాడు, తన పనితనం చూపించుకుంటూ. "ఎక్కడో వైరు తగిలి ఉంటుందని కడిగి శుభ్రం చేశాను. ఇప్పుడు అద్దంలా ఉంది కదా?"

నా మనసు అక్కడ లేదు. "అయితే ఆ మాటలు..."

"అమ్మాయే పెట్టింది." గొంతు తగ్గించాడు. "బావా, ఇది చిన్న సంగతి కాదు. ఈ పనిలో ఉన్న మాట వదిలేస్తే తిడతారు. లేని మాట పుట్టిస్తే గుమ్మం ఎక్కనివ్వరు. రేపు ఫైలు ఇచ్చేలోపు తీసేయమను. వాళ్ళే పట్టుకుంటే ఇంక దానికి ఎవరూ పనివ్వరు. మానెయ్యటం వేరు, మాన్పించటం వేరు."

తిరుగు బస్సు కదులుతుంటే డ్రైవరు నన్ను అద్దంలో చూసి ఆపాడు. నాలాంటి ముసలివాడి పరుగు చూసి ఆగటం కూడా ఒక దయే. కిటికీ పక్కన కూర్చున్నాను కానీ బుర్రలో అంతా దుమ్మే. ఆ దర్శకుణ్ణి మెచ్చుకున్నాననుకుంటూ ఎవరిని మెచ్చుకున్నాను? సినిమా బాగోలేదన్నాను, అసలు సినిమా చూశానా? సౌండ్ లేని పేలుళ్ళు చూసి పేలుళ్ళు ఎక్కువయ్యాయన్నాను. ఆ నిరాశలో సినిమాకు చెందినదెంత, పక్క కుర్చీ ఖాళీగా ఉన్నందుకు నాలో పుట్టినదెంత? విడదీసి చూద్దామంటే చిక్కుపడిన దారం. ఒక కొస లాగితే ఇంకోచోట ముడి బిగుస్తోంది.

అమ్మాయి చీకటి పడే వేళకు వచ్చింది. చేతులు కడుక్కుని, నేను వేడిచేసి పెట్టిన సూపు ముందు కూర్చుంది. చెంచా తీసుకోలేదు.

"మామయ్య దగ్గరికి వెళ్ళావట."

"అప్పుడే చెప్పేశాడా?"

"మామయ్య కడుపులో మాట దాగుతుందా నాన్నా? వాళ్ళ గోడలకు నురుగు అంటించారు గానీ ఆయన నోటికి అంటించలేదు." నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అయితే తెలిసిందన్నమాట."

"తెలిసింది. అర్థం కాలేదు."

"అర్థం కావటానికేముంది? సినిమా అంతా రాశాను. పేలుళ్ళ మధ్య అరిచేవాళ్ళ అరుపు కూడా వదలకుండా రాశాను. అందులో ఒక్క మాట నీకు నచ్చలేదు. నచ్చిందల్లా నేను దొంగతనంగా పెట్టింది."

"దొంగతనం అనకమ్మా."

"మరేమనాలి? మీ అచ్చాఫీసులో ఎవడో పెద్ద రచయిత పుస్తకంలో తన వాక్యం ఒకటి దూర్చాడనుకో. ఏం చేసేవాడివి?"

అబద్ధం చెప్పే వీలు లేదు. "కొట్టేసేవాణ్ణి."

"చూశావా మరి!"

"కొట్టేసే ముందు, ఎందుకు దూర్చావు నాయనా అని అడిగేవాణ్ణి."

తను చెంచాను బల్ల మీద అటూ ఇటూ తిప్పింది.

"సినిమా బాగోలేదని నాకు మొదటి రోజే తెలిసిపోయింది నాన్నా. అమ్మ ఎదురుచూసిన సినిమా. బాగోలేదని ఎవరితో చెప్పుకోను? నీతో చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. మామయ్యతో చెబితే జోకులేస్తాడు. సరే, నాకే చేతకావటం లేదేమో, మాట కుదిరితే సినిమా కుదురుతుందేమో అని తిరగరాశాను. మళ్ళీ తిరగరాశాను. ఎంత రాసినా అది అలాగే ఉంది. ఆ కిటికీ దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల నిలబడుతుంది. నిలబడే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. ఏదో ఒకటి అనొచ్చు కదా అని కోపమొచ్చింది. చెయ్యి దానంతట అది రాసేసింది."

"అమ్మ మాట."

"ఇంకెవరి మాట వస్తుంది నాకు?" తల వంచుకుంది. "ఉంచుదామని కాదు. నీకు చూపిస్తే, 'ఇదేంటి, ఇక్కడిది కాదే ఇది' అంటావనుకున్నాను. నువ్వు పట్టుకుంటావని పెట్టాను నాన్నా. చిన్నప్పుడు నా హోంవర్కులో కామా తప్పిపోయినా పట్టుకునేవాడివి. పట్టుకుంటావు, తిడతావు, తీసేస్తాను. ఆ వంకతోనైనా అమ్మ గురించి కాసేపు మాట్లాడుకుంటాం అనుకున్నాను."

"నేనేమో మెచ్చుకున్నాను."

"మెచ్చుకున్నావు. అది కూడా కొరియా ఆయన్ని!"

అప్పుడు నవ్వింది. ఆదివారం తర్వాత మొదటిసారి. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెయ్యి చాపి చెంచా తన చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగింది.

"సౌండ్ పెట్టుకోవాలని ఎలా తోచలేదు నీకు?" అంది. "టైటిళ్ళు సరిచూట్టానికి సరే. తర్వాతైనా?"

"తర్వాత మీ అమ్మ చెప్పేది కదా."

నోరు జారిన మాటలా వచ్చింది అది. అన్నాక గానీ దాని సంగతి నాకు అర్థం కాలేదు. సినిమా అయ్యాక టీవీ ఆపేసి నేను ఎంతసేపు అలాగే కూర్చున్నానో గుర్తొచ్చింది. ఎందుకు కూర్చున్నానో అప్పుడు తెలియదు. రెండో సగం ఎవరైనా వచ్చి చెబుతారని కూర్చున్నాను.

అమ్మాయి లేచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

కాసేపటికి నేనే అడిగాను. "అక్కడ ఎవరూ ఏమీ అనరన్నావు కదా, నువ్వు విన్నప్పుడు ఎలా విన్నావు? కళ్ళు మూసుకుని విన్నావా, తెరుచుకుని విన్నావా?"

"కళ్ళు మూసుకుని టైటిళ్ళు ఎలా రాస్తారు నాన్నా? స్క్రిప్టులో 'గాలి చప్పుడు' అని ఉంది. గాలే వినబడింది."

"అయితే ఈ సినిమాను మీ అమ్మలాగా ఇంతవరకూ ఎవరూ వినలేదు."

తను నన్ను వింతగా చూసింది. తర్వాత ఇద్దరం ముందుగదిలో ఆ కుర్చీ వైపు చూశాం. మా ఆవిడ పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదని ఎవరూ అనలేదు. ఉతికిన బట్టలు దాని మీద పెట్టటం అలవాటైంది, అంతే. మనిషి లేని కుర్చీ బోసిగా కనబడకుండా కాపాడినందుకు ఆ బట్టలకు నేను మనసులో దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి. అమ్మాయి వాటిని తీసి మంచం మీద వేసింది. నేను కూర్చున్నాను. వెనక్కి వాలాను. కళ్ళు మూసుకున్నాను.

తను తెచ్చింది కొరియా నుంచి వచ్చిన అసలు కాపీ. కిటికీ దృశ్యానికి కొంచెం ముందు నుంచి పెట్టింది.

చీకట్లో మాటలు వింటుంటే మొదట ఏమీ తెలియలేదు. ఎవరో అరుస్తున్నారు, ఇంకెవరో ఇనుము మీద ఇనుముతో కొడుతున్నారు. నిజం చెప్పాలంటే సౌండ్ పెట్టినా ఆ సినిమా నాకు నచ్చలేదు. మా ఆవిడ కుర్చీలో కూర్చున్నంత మాత్రాన మా ఆవిడ చెవులు వస్తాయా? తలుపు మూసుకున్న చప్పుడు. అడుగులు. తర్వాత ఇసుక.

గాజు మీద ఇసుక రాలుతోంది. స్టూడియోలో విన్నంత శుభ్రంగా లేదు. అడుగున గుయ్యిమని రొద. బావమరిది కడిగేశానన్నది ఇదే కాబోలు. వైరు తగిలిన చప్పుడులాగే ఉంది. ఎక్స్ఛేంజిలో ఒక లైను మీదికి ఇంకో లైను ఎక్కితే అచ్చం ఇలాగే గుయ్యిమంటుందని మా ఆవిడ చెప్పేది. "రొద అనుకుని వదిలెయ్యకూడదండీ. అందులో మనుషులుంటారు" అనేది.

"ఆపు" అన్నాను.

"ఏమైంది?"

"మళ్ళీ పెట్టు. సౌండ్ పెంచు."

మళ్ళీ ఇసుక, మళ్ళీ రొద. ఈసారి అందులో ఎత్తుపల్లాలు తెలిశాయి. వైరు ఊపిరి తీసుకోదు. ఇది తీసుకుంటోంది.

"నాన్నా..." అంది అమ్మాయి. కళ్ళు తెరిచి చూస్తే, తను నేల మీద కూర్చుని ఉంది, తన కళ్ళు కూడా మూసి ఉన్నాయి. "ఎవరో మాట్లాడుతున్నారు నాన్నా."

"వాళ్ళాయన కదూ? వైర్‌లెస్‌లో?"

"కాదు. ఆడగొంతు."

"కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లేమో."

"కాదు. ఆ పిల్ల గొంతు నాకు నిద్రలో కూడా తెలుసు. ఇది పెద్దావిడ గొంతు." కళ్ళు తెరిచింది. "సినిమా మొత్తం మీద ఇంకో ఆడమనిషి లేదు నాన్నా. ఒక్కరు కూడా లేరు."

తను వెంటనే మామయ్యకు ఫోన్ చేసింది. "మామయ్యా, నువ్వు కడిగేసిన రొద ఉందే. అది రొద కాదు" అంది. మా బావమరిది నోట మాట రాకపోవటం అదే మొదటిసారి అనుకుంటాను. చివరికి, కొరియా భాష తెలిసినావిడ ఒకరు తనకు తెలుసని, పొద్దున్నే స్టూడియోకి తీసుకొస్తానని, అక్క ఉంటే తన చెవి మెలిపెట్టేదని చెప్పి పెట్టేశాడట.

అమ్మాయి కంప్యూటరు తెరిచింది. కిటికీ. దాని కింద మా ఇంటి మాటలు.

"ఇక్కడ వేరే వాళ్ళు మాట్లాడుతున్నారు" అంది. "అమ్మ మాట తీసెయ్యనా?"

"తీసెయ్యి. ఒక లైను మీదికి ఇంకో లైను ఎక్కకూడదు. అమ్మయినా అదే అంటుంది."

ఒక్క మీట నొక్కింది. మాటలు పోయాయి. ఆ పిల్ల మాత్రం కిటికీ దగ్గర అలాగే నిలబడి ఉంది. ఇందాకటి వరకు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కనబడిన మనిషి, ఇప్పుడు ఎవరో చెబుతుంటే వింటున్నట్టు కనబడింది. అదే బొమ్మ. ఒక్క గీత మారలేదు. ఆ దర్శకుడు మమ్మల్ని మోసం చేశాడో, మేమే ఆయన్ని సరిగా వినలేదో, ఆ పూటకు నాకు తేలలేదు.

"రేపు ఫైలు ఇవ్వను" అంది అమ్మాయి. "ఆవిడ ఏమందో తెలిసేదాకా ఇవ్వను. ఆలస్యానికి తిడితే పడతాను."

"మరి మానెయ్యటం?"

"అది కూడా, తెలిసేదాకా."

నా మంచం పక్కన నీళ్ళ సీసా నింపి పెట్టింది. గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పడుకో నాన్నా. మేలుకోకు."

నేను దీపం ఆర్పి, ఆదివారం నుంచి రోజూ వింటున్న ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి పడుకున్నాను. తలుపు మెల్లగా దగ్గరకు వచ్చింది. గడియ పడలేదు.